వెడల్పు కార్బన్ రిమ్ములు: అందరూ 30 మిల్లీమీటర్ల దగ్గరే ఎందుకు ఆగారు?

క్లుప్తంగా: మౌంటెన్ బైక్ మీద ట్రైల్ రైడింగ్ (అడవి, కొండ బాటల్లో తొక్కడం) చేసేవాళ్లు రిమ్ము కొనేటప్పుడు తేల్చుకోవాల్సినవి రెండు. ఎంత వెడల్పు ఉండాలి, దేనితో చేసినది కావాలి. అమ్మేవాళ్లు ఈ రెండింటినీ ఒకే మాటగా కలిపి చెప్పడంతోనే చాలామంది తికమకపడుతున్నారు. వెడల్పు సంగతి దాదాపు తేలిపోయింది: 2.4, 2.5 అంగుళాల టైర్లకు లోపలి వెడల్పు 30 మి.మీ. దగ్గర ఉంటే సరిపోతుంది. కార్బన్ (రెసిన్ అనే జిగురుతో అతికించిన కార్బన్ ఫైబర్ పొరలు) సంగతి అంత తేలిగ్గా తేలదు. అక్కడ బరువు కంటే వారంటీ షరతులు ఎక్కువ లెక్కలోకి వస్తాయి.

ఏ వెడల్పు గురించి ఈ మాటలు

రిమ్ముకి రెండు వెడల్పులుంటాయి. బయటి అంచు నుంచి బయటి అంచుకి ఒకటి, టైరు బీడ్ (రిమ్ములో ఇమిడే గట్టి అంచు) కూర్చునే లోపలి గోడల మధ్య దూరం ఇంకొకటి. టైరు ఆకారాన్ని మార్చేది ఈ రెండోదే. బయటి కొలత గొప్పగా వినిపిస్తుంది కాబట్టి ఒకప్పుడు కంపెనీలు దాన్నే పేరులో పెట్టుకునేవి. 2014లో కాలిఫోర్నియాలోని ఐబిస్ కంపెనీ 741, 941 అనే కార్బన్ చక్రాలు తెచ్చింది. అందులో 7 అంటే 27.5 అంగుళాల చక్రం, 9 అంటే 29 అంగుళాలది, 41 అంటే బయటి వెడల్పు. లోపల చూస్తే 35 మి.మీ. మాత్రమే. ఇప్పుడు చాలా బ్రాండ్లు లోపలి కొలతే చెబుతున్నాయి గానీ, సెకండ్‌హ్యాండ్‌లో పాత చక్రాలు చూస్తున్నవాళ్లు మాత్రం వివరాల్లో "ఇంటర్నల్" అని రాసి ఉందో లేదో చూసుకోవాలి. ఈ వ్యాసంలో వెడల్పు అంటే లోపలిదే.

సన్న రిమ్ముల కాలం ఎలా పోయింది

2000ల్లో మౌంటెన్ బైక్ రిమ్ము అంటే మామూలుగా 17 నుంచి 19 మి.మీ. ఉండేది. ఇప్పటి రోడ్డు సైకిళ్ల రిమ్ములే అంతకన్నా వెడల్పు. అప్పట్లో ఆ సన్నదనానికి కారణాలున్నాయి. మొదట్లో బ్రేకు ప్యాడ్లు రిమ్ము పక్కలనే పట్టుకునేవి, అంటే పక్కలు నిటారుగా, సమంగా ఉండాలి, అరుగుదలను తట్టుకోవాలి, వేడిని భరించాలి. వెడల్పు పెంచితే అల్యూమినియం ఎక్కువ పట్టి బరువు పెరుగుతుంది. డిస్క్ బ్రేకులు వచ్చాక బ్రేకు పని హబ్ (చక్రం మధ్య భాగం) దగ్గరికి పోయింది. రిమ్ము ఏ ఆకారంలోనైనా ఉండొచ్చు, ఏ పదార్థంతోనైనా చేయొచ్చు. కార్బన్‌కి దారి తెరిచింది కూడా ఇదే, ఎందుకంటే బ్రేకు వేడికి రెసిన్ మెత్తబడే భయం మౌంటెన్ బైక్ చక్రాలకి ఆ తర్వాత లేకుండా పోయింది.

రెండో కారణం ట్యూబ్‌లెస్. 1999లో మావిక్, హచిన్సన్, మిషెలిన్ కలిసి యూఎస్‌టీ అనే ట్యూబ్‌లెస్ పద్ధతి తెచ్చాయి. ట్యూబే లేనప్పుడు అది రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి పంక్చరయ్యే సమస్య లేదు, కాబట్టి గాలి తగ్గించి నడపొచ్చు. గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుంది, కుదుపు తగ్గుతుంది. కానీ సన్న రిమ్ము మీద లావు టైరుకి గాలి తగ్గిస్తే అది మలుపులో పక్కకి వాలిపోతుంది, ఒక్కోసారి బీడ్ దగ్గర లేచి గాలి బుస్సుమని బయటికొస్తుంది. తక్కువ గాలి కావాలి, టైరు మాత్రం కదలకూడదు. ఈ రెండు కోరికలూ ఒకేసారి తీరాలంటే రిమ్ము వెడల్పు కావడమే మార్గమైంది.

వెడల్పు పెరిగితే టైరుకి జరిగేదేంటి

టైరు ఒక బీడ్ నుంచి ఇంకో బీడ్ వరకూ ఒక నిర్ణీత పొడవున్న గుడ్డ. రిమ్ము మారినా ఆ పొడవు మారదు, వంపు మాత్రమే మారుతుంది. సన్న రిమ్ము మీద ఆ గుడ్డ కింద నొక్కుకుపోయి పైన ఉబ్బి బల్బు ఆకారంలోకి వస్తుంది. వెడల్పు రిమ్ము మీద సైడ్‌వాల్స్ (టైరు పక్క గోడలు) నిటారుగా లేస్తాయి. పక్కనుంచి బలం వచ్చినప్పుడు బల్బు మెడ దగ్గర వంగినట్టు వంగకుండా నిలబడేది ఈ నిటారుదనం వల్లే.

ఎంత పెరుగుతుందన్నదానికి టైర్ల పరిశ్రమ చాలాకాలంగా వాడే ఓ మోటు లెక్క ఉంది: రిమ్ము 1 మి.మీ. పెరిగితే టైరు సుమారు 0.4 మి.మీ. లావవుతుంది. 25 నుంచి 30కి వెళ్తే టైరు 2 మి.మీ. పెరుగుతుందన్నమాట. 2.4 అంగుళాల టైరు అంటే దాదాపు 61 మి.మీ., అందులో 2 మి.మీ. అంటే 3 శాతం కన్నా కొంచెం ఎక్కువ. ఇక్కడ "వెడల్పు రిమ్ము వేస్తే గాలి సగానికి తగ్గించేయొచ్చు" అనే ప్రచారాన్ని ఓసారి లెక్కతో చూడాలి. టైరు గుడ్డలో బిగువు అనేది గాలి ఒత్తిడి, టైరు వ్యాసార్ధం రెండూ గుణిస్తే వచ్చేది. వ్యాసార్ధం 3 శాతం పెరిగితే, అదే బిగువు కోసం గాలి 3 శాతం తగ్గించాలి. 24 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) మీద అది ఒక్క పీఎస్‌ఐ కూడా కాదు. అయినా జనం 2, 3 పీఎస్‌ఐ తగ్గించి హాయిగా నడుపుతున్నారంటే, ఆ మిగతా తగ్గింపు సైడ్‌వాల్ పక్కకి వాలకపోవడం వల్ల కుదిరిందే. అదనంగా దొరికిన గాలి కన్నా ఆకారం వల్ల వచ్చిన లాభమే ఎక్కువ. పైగా పెద్ద పంపుల మీదుండే గేజీలు 20, 25 పీఎస్‌ఐ దగ్గర అంత నమ్మకంగా చూపించవు, విడిగా డిజిటల్ గేజ్ లేకుండా ఒకటి రెండు పీఎస్‌ఐ తేడా గురించి మాట్లాడుకోవడంలో అర్థం లేదు.

35 దగ్గర ఏం తేడా కొట్టింది

ఐబిస్ చక్రాలు వచ్చిన ఏడాది రెండేళ్లకే 2.8, 3.0 అంగుళాల "ప్లస్" టైర్లు మార్కెట్‌ని ముంచెత్తాయి. వాటికి 35 నుంచి 45 మి.మీ. దాకా రిమ్ములు వేశారు. పట్టు బాగానే ఉంది, ఎక్కేటప్పుడు జారడం తగ్గింది, కొత్తవాళ్లకి భయం తగ్గింది. కానీ అంత లావు టైరుని బరువు పెరక్కుండా చేయాలంటే గుడ్డ పలచన చేయాలి, పలచన చేస్తే పదునైన రాళ్లకి చిరిగింది. మందం చేస్తే బరువు. గాలి ఒక్క పీఎస్‌ఐ ఎక్కువైతే బంతిలా ఎగిరేది, ఒక్కటి తక్కువైతే రిమ్ము రాయికి తగిలేది. కొన్నేళ్లకే ప్లస్ గోల చల్లారి 29 అంగుళాల చక్రం మీద 2.4, 2.5 టైరు దగ్గరికి అందరూ తిరిగొచ్చారు.

ఆ టైర్లని 35 రిమ్ము మీద వేసినప్పుడు కనబడిన సమస్య ఇంకొకటి. ట్రైల్ టైరు పై భాగం గుండ్రంగా ఉండాలని, బైక్ వాలుతున్న కొద్దీ మధ్య నాబ్స్ (నేలని పట్టుకునే రబ్బరు గుబ్బలు) నుంచి పక్క నాబ్స్ మీదకి మెల్లగా చేరాలని డిజైన్ చేస్తారు. రిమ్ము మరీ వెడల్పయితే పై భాగం చదునైపోతుంది, పక్క నాబ్స్ పైకి లేస్తాయి. నేరుగా పోతున్నప్పుడు కూడా అవి నేలకి రాసుకుంటూ వేగాన్ని తింటాయి. వాలినప్పుడు అంచు దాకా పట్టు ఉండి, అంచు దాటగానే ఒక్కసారిగా జారిపోతుంది. అలవాటైన రైడర్‌కి జారబోయే ముందు టైరు ఇచ్చే చిన్న హెచ్చరిక అంటూ ఒకటుంటుంది, అదే పోతుంది. ఇంకోవైపు, సన్న రిమ్ము అయితే టైరు దానికి గొడుగులా ఉంటుంది. వెడల్పు రిమ్ము అంచులు టైరు పక్కలకి దగ్గరగా బయటపడతాయి కాబట్టి రాళ్ల మధ్య ఇరుకు దారిలో దెబ్బలు నేరుగా వాటికే.

దీనికి టైరు కంపెనీలే సగం పరిష్కారం చూపించాయి. మాక్సిస్ "వైడ్ ట్రైల్" అనే పేరుతో, టైరు పక్కన డబ్ల్యూటీ అని రాసి, 30 నుంచి 35 మి.మీ. రిమ్ములకి సరిపడేలా నాబ్స్ సర్ది టైర్లు చేసింది. మినియన్ డీహెచ్‌ఎఫ్ 2.5 డబ్ల్యూటీ ఇప్పటికీ ట్రైల్ బైకుల ముందు చక్రాల మీద తెగ కనబడే టైరు. టైర్లు ఇలా 30 చుట్టూ డిజైన్ కావడం, బైకులు 30 రిమ్ములతోనే ఫ్యాక్టరీ నుంచి రావడం, మళ్లీ కొత్త టైర్లు ఆ రిమ్ముల కోసమే రావడం... ఇలా ఒకదాన్నొకటి బలపరుచుకుని 30 స్థిరపడింది. అది ఏ భౌతిక సూత్రం నుంచో పుట్టుకొచ్చిన సంఖ్య కాదు. 28 అయినా, 32 అయినా ప్రపంచం మునిగిపోదు.

అందుకే ఎంపిక టైరు నుంచి మొదలవ్వాలి. 2.2, 2.3 టైర్లతో తేలికగా ఎక్కువ దూరాలు తొక్కేవాళ్లకి 25 చాలు. 2.35 నుంచి 2.6 మధ్య తిరిగేవాళ్లకి 30. 2.6, 2.8 వేసుకుని మెత్తటి నేల మీద తిరిగేవాళ్లకి 35. ముందు రిమ్ము కొనేసి తర్వాత దానికి టైరు వెతుక్కోవడం తలకిందుల వ్యవహారం. ఫ్రేములో ఖాళీ ఎంతుందో కూడా కొలుచుకోవాలి. అదే టైరు వెడల్పు రిమ్ము మీద 2 మి.మీ. లావైనప్పుడు, బురదలో ఆ 2 మి.మీ. తేడా చైన్‌స్టే (వెనక చక్రం పక్కనుండే ఫ్రేము గొట్టం) దగ్గర గీతల రూపంలో కనబడుతుంది.

మరి కార్బన్ దేనికి

పదేళ్ల కిందట జవాబు తేలిక. 35 మి.మీ. రిమ్ము అల్యూమినియంతో చేస్తే బాగా బరువయ్యేది, కార్బన్‌తో అయితే మోయగలిగే బరువులో వచ్చేది. వెడల్పూ కార్బనూ జంట మాటలయిపోయింది అప్పుడే. ఇప్పుడు 30 మి.మీ. అల్యూమినియం రిమ్ములు 29 అంగుళాల సైజులో సుమారు 500 గ్రాముల దగ్గర దొరుకుతున్నాయి. ట్రైల్‌లో దెబ్బలు తట్టుకునేలా చేసిన కార్బన్ రిమ్ము కూడా పెద్ద తేలికేం కాదు, ఒక్కో రిమ్ముకి 50 నుంచి 100 గ్రాములు తగ్గితే ఎక్కువ. 

ఆ తగ్గిన బరువు విలువ ఎంత? చక్రం అంచున ఉన్న బరువు వేగం పుంజుకునేటప్పుడు దాదాపు రెట్టింపుగా లెక్కకొస్తుంది, ఎందుకంటే అది ముందుకీ కదలాలి, తిరగనూ తిరగాలి. రెండు రిమ్ములూ కలిపి 200 గ్రాములు తగ్గాయనుకుంటే 400 గ్రాముల లెక్క. 75 కేజీల మనిషి, 15 కేజీల బైక్ కలిపి 90 కేజీల్లో అది అర శాతం కూడా రాదు. మొదటి పెడల్‌కే బైక్ దూకిందని చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు, కొత్త చక్రాలతో పాటు ఎక్కువ పళ్లున్న ఫ్రీహబ్ (పెడల్ తొక్కగానే చక్రాన్ని పట్టుకుని తిప్పే భాగం), కొత్త టైర్లు కూడా వచ్చుంటాయి, క్రెడిట్ మాత్రం కార్బన్ ఖాతాలో పడుతుంది. కొండ ఎక్కేటప్పుడైతే ఆ రెట్టింపు లెక్క కూడా దాదాపు ఉండదు, 200 గ్రాములు 200 గ్రాములే.

కార్బన్‌కి నిజంగా ఉన్న గుణం ఆకారం నిలుపుకోవడం. అల్యూమినియం దెబ్బ తింటే సొట్టపడుతుంది, కొంత వంగుతుంది, స్పోకుల బిగువు తేడాలొచ్చి చక్రం అటూ ఇటూ ఊగుతుంది, షాపులో బెండు తీయించాలి. కార్బన్‌కి ఆ మధ్య దశ లేదు, తట్టుకుంటే మళ్లీ మొదట్లా నిటారుగా ఉంటుంది, తట్టుకోలేకపోతే పగులుతుంది. ఏడాదిలో నాలుగైదుసార్లు బెండు తీయించే రైడర్‌కి ఇది పెద్ద లాభం. ట్రైల్ మధ్యలో ఇంటికి పది కిలోమీటర్ల దూరంలో పగిలిన రిమ్ముతో నిలబడ్డవాడికి అదే గుణం శాపం, ఎందుకంటే సొట్టపడ్డ అల్యూమినియం అంచుని స్పానర్‌తో అటూ ఇటూ వంచి, ట్యూబ్ వేసుకుని ఎలాగోలా ఇల్లు చేరొచ్చు.

బిగుసుదనం విషయంలో కంపెనీలే మాట మార్చాయి. మొదట్లో "ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది" అన్నారు. గట్టి రిమ్ము మలుపులో చెప్పినట్టు వింటుంది, నిజమే, కానీ రాళ్ల గుట్ట మీద అదే గట్టిదనం చక్రాన్ని పక్కకి తోసేస్తుంది, చేతులకి నొప్పులు మిగులుతాయి. 2019లో జిప్ కంపెనీ తెచ్చిన 3జీరో మోటో రిమ్ము ఈ ఆలోచనకి పూర్తి విరుద్ధం: మామూలుగా ఉండే రెండు గోడల పెట్టె నిర్మాణం వదిలేసి, ఒకే గోడతో తక్కువ ఎత్తులో చేశారు, టైరు నేలని బట్టి వాలినప్పుడు రిమ్ము కూడా కొంచెం మెలితిరగాలని. క్రాంక్‌బ్రదర్స్ సింథసిస్ చక్రాల్లో ముందు చక్రాన్ని మెత్తగా, వెనకదాన్ని గట్టిగా చేశారు. పక్కకి గట్టిదనం, నిలువుగా కొంచెం ఒదుగు, ఇప్పుడు అందరూ చెప్పేది ఇదే. రిమ్ము ఎత్తు తగ్గిన కొద్దీ నిలువు ఒదుగు పెరుగుతుంది కాబట్టి, రెండు రిమ్ముల మధ్య తేల్చుకోలేకపోతే పొట్టిగా ఉన్నది ట్రైల్‌కి మేలు.

ఇంకో మార్పు బయటికి పెద్దగా కనబడదు గానీ ఉపయోగం మాత్రం ఎక్కువ. టైరు రాయికీ రిమ్ము అంచుకీ మధ్య నలిగినప్పుడు అంచు సన్నగా ఉంటే కత్తిలా టైరుని కోసేస్తుంది. అంచు మందం పెంచితే అదే దెబ్బ ఎక్కువ చోటు మీద పరుచుకుంటుంది. 2018లో ఎన్వీ కంపెనీ తన ఎమ్ సిరీస్ రిమ్ములకి ఇలా వెడల్పు చదును అంచులు పెట్టింది, తర్వాత స్పెషలైజ్డ్ వాళ్ల రోవల్ కంట్రోల్ ఎస్‌ఎల్ 4 మి.మీ. అంచుతో వచ్చింది. లోపలి వెడల్పు 30యా 32యా అని తెగ వాదించుకునేవాళ్లు ఈ అంచు మందాన్ని అడగనే అడగరు. టైరు ప్రాణం దీని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

హుక్‌లెస్ భయం ఎక్కడిది

కార్బన్ ట్రైల్ రిమ్ములు దాదాపు అన్నీ హుక్‌లెస్, అంటే టైరు బీడ్‌ని పట్టుకునే కొక్కెంలాంటి అంచు ఉండదు, గోడ నిటారుగా ఉంటుంది. కొక్కెం లేకపోతే అచ్చు నుంచి తీయడం తేలిక, ఫైబర్ పొరలు అంచు దాకా సాఫీగా పరుచుకుంటాయి, అంచు గట్టిపడుతుంది.

2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్ రోడ్డు రేసులో థామస్ డి గెండ్ట్ అనే రైడర్ టైరు ఊడి పడిపోవడంతో హుక్‌లెస్ అనే మాటకే చెడ్డపేరొచ్చింది. రైడర్ల సంఘం వాటిని వద్దంది. ఆ చర్చ చదివి మౌంటెన్ బైక్ రిమ్ముల గురించి కూడా జనం టెన్షన్ పడుతున్నారు, అనవసరంగా. అక్కడ 25 మి.మీ. రిమ్ము మీద 28 మి.మీ. టైరు, అంటే రెండూ దాదాపు ఒకే వెడల్పు. రోడ్డు హుక్‌లెస్‌కి గరిష్ఠ పరిమితి 5 బార్, అంటే 72.5 పీఎస్‌ఐ, రైడర్లు దానికి దగ్గర్లోనే గాలి పెడతారు. ట్రైల్ టైరు రిమ్ముకి రెట్టింపు లావుంటుంది, గాలి 20 నుంచి 28 పీఎస్‌ఐ మధ్య, ఆ పరిమితిలో మూడో వంతు చుట్టుపక్కల. ఇక్కడ బీడ్‌ని నిలబెట్టేది కొక్కెం కాదు, బీడ్ చుట్టుకొలత రిమ్ములో అది కూర్చునే గద్దెకి బిగుతుగా సరిపోవడమే. ట్రైల్ బైకుల మీద హుక్‌లెస్ పదేళ్లకి పైగా నడుస్తోంది.

వారంటీ కూడా ధరలో భాగమే

2017లో శాంటా క్రూజ్ బైకుల కంపెనీ రిజర్వ్ రిమ్ములని జీవితకాల వారంటీతో తేవడం ఈ మార్కెట్‌నే మార్చేసింది. తొక్కుతూ పగలగొట్టుకున్నా కొత్తది ఇస్తామన్నారు. కెనడాలో కామ్‌లూప్స్‌లో తయారుచేసే వీ ఆర్ వన్ కూడా అదే దారి పట్టింది, మిగతా బ్రాండ్లకి వేరే దిక్కు లేకపోయింది. ఆ తర్వాత కార్బన్ రిమ్ము కొనడమంటే ఒక రకంగా బీమా కొనడమే. మంచి అల్యూమినియం చక్రాల జత అమెరికాలో 400 నుంచి 700 డాలర్ల మధ్య, పేరున్న కార్బన్ జత 1,000 నుంచి 2,000 డాలర్లు, అంతకు పైన కూడా. ఆ తేడాలో కొంత భాగం రాబోయే పగుళ్లకి ముందే కట్టిన సొమ్ము.

బీమా అన్నాక షరతులు చదవాలి. సాధారణంగా మొదట కొన్నవాళ్లకే వర్తిస్తుంది, కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో సగం ధరకి దొరికిన కార్బన్ చక్రం వారంటీ లేని చక్రం. రిమ్ము ఉచితంగా ఇచ్చినా కొత్త స్పోకులు, మళ్లీ చక్రం కట్టే కూలి, పోస్టు ఖర్చు ఎవరివన్నది బ్రాండ్‌ని బట్టి మారుతుంది. చైనాలో షియామెన్ నుంచి నేరుగా అమ్మే లైట్ బైసికిల్, నెక్స్‌టీ లాంటివాళ్ల రిమ్ముల నాణ్యత గురించి ఒకప్పుడున్న అనుమానాలు ఇప్పుడు చాలావరకు లేవు, ధర కూడా బాగా తక్కువ. అయితే పగిలితే కొత్తది చేతికి రావడానికి పట్టే వారాలు లెక్కేసుకోవాలి.

డెన్వర్‌లోనో సియాటిల్‌లోనో ఉండే తెలుగు రైడర్‌కి ఈ బీమా పనికొస్తుంది, ఊళ్లో షాపు ఉంది, కొరియర్ మూడు రోజుల్లో వస్తుంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్నవాళ్లకి అదే వారంటీ కాగితం మీద మాత్రమే జీవితకాలం, ఎందుకంటే పగిలిన రిమ్ము దేశం దాటాలి, కొత్తది కస్టమ్స్ దాటి రావాలి. పైగా ఇక్కడ ఎక్కువగా నడిచే హార్డ్‌టెయిల్స్‌కి (వెనక సస్పెన్షన్ లేని బైకులకి) ఉన్నవి 2.1, 2.2 టైర్లు, ఫ్రేములో 2.5 పట్టే చోటే ఉండదు. ఆ బైకు మీద 30 మి.మీ. కార్బన్ పెట్టడం డబ్బు వృథా. అదే డబ్బుతో మంచి టైర్లు, ట్యూబ్‌లెస్ చేయించడం, డిజిటల్ గేజ్ కొన్నా ఇంకా బోలెడు మిగులుతుంది.

ముందు, వెనక ఒకటే కానక్కర్లేదు

బరువు ఎక్కువ పడేది, దెబ్బలు ఎక్కువ తినేది వెనక చక్రం. రైడర్ ముందు చక్రాన్ని రాయి మీద నుంచి ఎత్తగలడు, వెనకది దాని దారిన అది వచ్చి గుద్దుకుంటుంది. అందుకే ముందు కార్బన్, వెనక అల్యూమినియం పెట్టుకోవడం పిసినారితనం కాదు, లెక్కున్న పనే. లేదా రెండూ కార్బన్ పెట్టి వెనక టైరులో ఫోమ్ ఇన్సర్ట్ (రిమ్ముని దెబ్బల నుంచి కాపాడే నురుగు పట్టీ) వేస్తారు. కుష్‌కోర్ ప్రో లాంటిది ఒక్కో చక్రానికి సుమారు 250 గ్రాములు కలుపుతుంది, అంటే రెండు రిమ్ముల్లో తగ్గించుకున్న బరువు ఒక్క వెనక చక్రంలోనే తిరిగొచ్చేసింది. అయినా పదునైన రాళ్లున్న అరిజోనా లాంటి చోట్ల చాలామంది ఆ బేరానికి సిద్ధపడతారు. స్పోకులు 28 కన్నా 32 ఉంటే ఒకటి తెగినా చక్రం ఇంటిదాకా నిలబడుతుంది, భారీ శరీరం ఉన్నవాళ్లు ఈ 4 స్పోకుల బరువు గురించి ఆలోచించకపోవడమే మంచిది.

వాడకంలో చూసుకోవాల్సినవి

కార్బన్ పగులు ఎప్పుడూ పెద్ద శబ్దంతో రాదు. స్పోక్ రంధ్రాల దగ్గర సీలెంట్ (ట్యూబ్‌లెస్ టైరులో పోసే ద్రవం) చెమ్మ కనబడటం, కారణం లేకుండా రాత్రికి రాత్రి గాలి దిగిపోవడం, ఒక్క స్పోక్ బిగువు పదే పదే తగ్గడం, తొక్కుతుంటే కిర్రుమనడం... వీటిలో ఏది కనబడినా టైరు తీసి లోపలి గద్దె చూడాలి, అంచు వెంట గోరు పెట్టి రాస్తే సన్నటి గీత తగులుతుంది. లోపల గాలి ఆపే టేపు వెడల్పు కూడా రిమ్ము కన్నా 2 నుంచి 4 మి.మీ. ఎక్కువుండాలి. పాత 25 మి.మీ. రిమ్ము టేపు కొత్త 30కి వేసి, గాలి దిగిపోతోందని రిమ్ముని తిట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

ఇంకొకటి, కార్లకి వెనక హిచ్ ర్యాక్ మీద బైకులు కట్టుకుని వెళ్లేవాళ్ల కోసం. చక్రం సైలెన్సర్ గొట్టానికి ఎదురుగా వస్తే ఆ వేడికి రెసిన్ మెత్తబడి రిమ్ము ఒకవైపు ఉబ్బుతుంది, టైరు కూడా పాడవుతుంది. తొక్కుతూ పగలగొట్టుకున్నవాళ్లకి కొత్త రిమ్ము పంపే కంపెనీలు ఇలా కాలినవాటికి మాత్రం మామూలుగా ఇవ్వవు. బైక్ ఎక్కించాక చక్రానికీ ఆ గొట్టానికీ మధ్య దూరం చూసుకుని, దగ్గరగా ఉంటే బైక్‌ని రెండో వైపుకి తిప్పి కట్టుకోవాలి.